తాతయ్య సీటులో మందుల పిల్ల

"లేవండి. అది మా తాతయ్య సీటు."

ట్రూడీ తలెత్తి చూసింది. కిక్కిరిసిన గ్యాలరీలో ఖాళీగా కనిపించింది ఆ ఒక్క సీటే.

"ఎక్కడున్నారు మీ తాతయ్య?"

"శ్మశానంలో. పోయి ఆరేళ్లయింది. నానమ్మ ఆయనకీ ఏటా టికెట్ కొంటుంది" అన్నాడు వేడ్, నవ్వు ఆపుకుంటూ.

పక్క సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆల్మా నానమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ట్రూడీ లేచింది. పోయినవాళ్లకు సీటుంది గానీ, బతికున్నవాళ్లకు ఒక సినిమా హాలు లేదు ఈ ఊళ్లో!

హ్యూస్టన్ నుంచి మూడు నెలల పనిమీద ఈ టెక్సాస్ పల్లెటూరి మందుల షాపులోకి వచ్చిపడింది తను. శుక్రవారం సాయంత్రమైతే బ్యాంకు, బార్బర్ షాపు అన్నీ మూసేసి, ఊరు ఊరంతా హైస్కూలు మైదానానికి ఎగబడుతుంది. పాస్టరుగారు కూడా ముఖానికి జట్టు నీలం రంగు పులుముకుంటారు. ఇంతా చేసి, హెల్మెట్లు పెట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఆ పిల్లలు రెండేళ్లుగా ఒక్క ఆటా గెలవలేదు!

అయినా ట్రూడీ ప్రతి శుక్రవారం వచ్చి కంచె దగ్గర నిలబడేది. వేడ్ కూడా అక్కడికే చేరేవాడు.

"అంత అసహ్యమైతే ఎందుకొస్తారు?"

"తిట్టడానికి. షాపులో తిడితే వినేవాళ్లు లేరు."

"అయితే తినండి. ఓపికొస్తుంది."

చిప్స్ ప్యాకెట్ చింపి, అందులోనే వేడివేడి మాంసం కూర పోయించి తెచ్చాడు.

"ఇదీ ఒక తిండేనా?" అంటూనే ఆమె అడుగుదాకా తినేసింది.

అక్టోబరు దాటేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

ఆఖరి ఆట రోజు వాన. సోమవారం ట్రూడీ వెళ్లిపోవాలి. ఉంటానంటే ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు షాపు యజమాని. రేపటికల్లా చెప్పాలి. వేడ్ మాత్రం ఉండమని ఒక్క మాటా అనడు. ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

"ఏయ్ మందుల పిల్లా! తడుస్తావేం, ఇలా వచ్చి కూర్చో!" పైన గ్యాలరీ కప్పు కిందనుంచి ఆల్మా నానమ్మ కేకేసింది. ఆ వరస వరసంతా తలలు తిప్పి చూసింది.

ట్రూడీ మెట్లెక్కింది. వెనకే వేడ్. "అది తాతయ్యగారి సీటు కదండీ?" అంది ట్రూడీ.

"ఆరేళ్లుగా టికెట్ కొంటున్నా. ఒక్కసారైనా చప్పట్లు కొట్టాడా మహానుభావుడు? కానీ ఒకటి. కూర్చుంటే వచ్చే ఏడూ రావాలి. ఒక్క ఆటకు ఇచ్చే సీటు కాదిది."

ట్రూడీ వేడ్ వైపు తిరిగింది. "నీకు నోరు లేదా?"

"రోజూ నువ్వు తిట్టే ఊళ్లో ఉండమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఆ తడిసిన మొహంతోనే అడుగు."

వేడ్ టోపీ తీసేశాడు. "ఉండిపో ట్రూడీ. నువ్వు లేకపోతే ఈ దిక్కుమాలిన ఆట నేనూ చూడలేను. నువ్వంటే నాకు ప్రాణం."

"ఆ ముక్క అనడానికి మూడు నెలలా! మీ జట్టే నయం" అంటూ ఆమె తాతయ్య సీట్లో కూర్చుంది.

కింద మన జట్టు కుర్రాడు పట్టిన బంతి చెల్లదంటూ రిఫరీ ఈల వేశాడు. ట్రూడీ దిగ్గున లేచింది.

"కళ్లు నెత్తికెక్కాయా నీకు? రేపు మా షాపుకు రా, కంటి చుక్కల మందిస్తాను!"

ఆల్మా నానమ్మ దుప్పటి సగం తీసి ఆమె ఒళ్లో వేసింది. "మా ఆయనకంటే నయం" అంది.