సున్నపు వలయం

గుమాస్తా పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆ పది నిమిషాల్లో మనిషి పోయాడు.

రాకెట్ క్లబ్ సెక్రటరీ తన బల్ల మీదే బోర్లా పడి ఉన్నాడు. చేతి కింద పల్చటి చెక్క రెక్క, దానికి పూసిన జిగురు ఇంకా ఆరలేదు. మెడ వెనక సూదిమొనంత ఎర్రచుక్క. మిట్టమధ్యాహ్నం, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, వీధిలో జనం తిరుగుతూనే ఉన్నారు. ఎవరూ ఏమీ చూడలేదు. ఇలాంటప్పుడు ఎవరూ ఏమీ చూడరు, అదేం ఖర్మో.

గుమాస్తా అసలు పేరు ఆఫీసులో ఫైలుకి తప్ప ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ల సీక్రెట్ సర్వీసు, ఒంట్లో రెండు బుల్లెట్లు, మొహం మాత్రం రికార్డులు రాసుకునేవాడిది.

"నావల్లే పోయాడు సార్," అన్నాడు చీఫ్ ఎదుట నిలబడి.

"ఏడవడానికి టైం లేదు, కూర్చో." చీఫ్ ఒక నోటుపుస్తకం కాపీ ముందుకి తోశాడు. "ఇది ఒక పిల్ల రాసింది. పంతొమ్మిదేళ్లు. తండ్రి రేడియోలు బాగుచేస్తాడు. ఇన్నాళ్లూ మోడల్ రాకెట్ల పోటీలో ఎవరిది ఎక్కువ ఎత్తుకి పోతే వాళ్లదే గెలుపు. ఈ పిల్ల ఆటే మార్చేద్దామంది. ఎత్తుకి మార్కుల్లేవు. నేల మీద సున్నంతో ఒక వలయం గీస్తారు. తిరిగొచ్చి ఆ గీత లోపల దిగిన రాకెట్‌దే గెలుపు."

"బాగానే ఉంది కదా సార్."

"బాగుంది కాబట్టే ప్రాణం మీదికొచ్చింది. మూరెడు రాకెట్. గాలి ఎటు వీచినా దారి సర్దుకుని చెప్పిన చోట దిగుతుంది. దాని ముక్కులో పారాచూట్ బదులు ఇంకోటి పెడితే?"

గుమాస్తా నోటుపుస్తకం మూసేశాడు.

"సెక్రటరీని చంపిన అవతలి దేశం ముఠాకి ఆ పుస్తకం కావాలి. రాసిన పిల్ల మాత్రం మిగలకూడదు. రేపు ఫైనల్స్‌లో, చూసేవాళ్లకి యాక్సిడెంట్ అనిపించేలా."

"పోటీ ఆపేస్తే?"

"వాళ్లు పంపే హంతకుడు ఇంకోరోజు వస్తాడు. ఆ రోజేదో మనకి తెలీదు. వాడి మొహం సిల్క్‌కి తెలుసు, మైదానంలో చూపిస్తుంది."

సిల్క్ ముఠాలో ఉంటూ మనకి కబుర్లు మోసే మనిషి. ఆవిడ నవ్విందంటే రాయబారులు బ్రీఫ్‌కేసులు మర్చిపోయేవాళ్లు.

మర్నాడు పొద్దున గుమాస్తా మైదానంలో బాబాయి వేషంలో ఆ పిల్ల పక్కన తేలాడు. కళ్లజోడు కాడలో రేడియో, గొడుగు కర్రలో తూటా.

"మా నాన్నకి తమ్ముళ్లు లేరండీ," అంది ఆ పిల్ల, రాకెట్‌కి రెక్కలు సరిచూసుకుంటూ.

"ఇవాళ్టికి ఒకడు పుట్టాడనుకో అమ్మా."

"బట్టతలతోనే పుట్టాడా? సరే బాబాయ్, నీడ పడుతోంది, కాస్త జరగండి." ఓ నిమిషం ఆగి, గొంతు తగ్గించింది. "వలయం సంగతి ముందు సెక్రటరీ గారికే చెప్పాను. అందరూ నవ్వారు. ఆయనొక్కరే నవ్వలేదు."

గుమాస్తా జనం వైపు చూపు తిప్పాడు. ఈ పిల్లకేమన్నా అయితే తన మొహం తనే చూసుకోలేడు.

స్పాన్సర్ల గుంపులోంచి సిల్క్ విడివడి పక్కనుంచి నడిచింది.

"గాలి ఎటు మళ్లిందండీ?"

"మనల్ని అడిగి మళ్లదండీ."

కోడ్ కుదిరింది. ఆవిడ పెదవులు కదిలీ కదలనట్టు కదిలాయి. "పసుపు టోపీ ఫొటోగ్రాఫర్. ట్రిగ్గర్ కెమెరాలో ఉంది."

ఆ పిల్ల వంతు వచ్చింది. లాంచ్ స్టాండ్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని రాకెట్‌కి వైర్లు తగిలిస్తోంది. దూరంగా బల్ల వెనక ఎర్రకోటు లాంచ్ ఆఫీసర్, అతని ముందు బటన్ పెట్టె. పసుపు టోపీ కెమెరా పైకెత్తాడు. గుమాస్తా బొటనవేలు గొడుగు మీట మీదికి జరిగింది.

సరిగ్గా అప్పుడే పక్క మైదానంలో చిన్నపిల్లల పోటీ నుంచి ఒక రాకెట్ దారితప్పి, పారాచూట్ విచ్చుకోకుండా ఇటు దూసుకొచ్చింది.

"హెడ్స్ అప్," అని అరిచారెవరో.

గుమాస్తా గభాల్న తల దించి నేలకి కరుచుకున్నాడు. రెండు బుల్లెట్లు తిన్న మనిషి ఇంకేం చేస్తాడు మరి. పక్కకి చూస్తే ఆశ్చర్యం. రెండొందల మందీ నిటారుగా నిలబడి, తలలెత్తి, ఆకాశంలో ఒకే చోటుకి వేళ్లు చూపిస్తున్నారు. హెడ్స్ అప్ అంటే తలెత్తి చూడమని. పైనుంచి వచ్చేదాన్ని చూసినవాడే తప్పుకుంటాడు, చూపించినవాడే పక్కవాణ్ణి తప్పిస్తాడు. రాకెట్లవాళ్లకి అది ఓనమాలతో సమానం. పసుపు టోపీ కూడా కెమెరా వదిలేసి వేలెత్తాడు. ఆ పిల్ల కూర్చున్నచోటే వేలెత్తింది.

తల దించినవాళ్లు ఇద్దరే. ఒకడు తను. రెండోవాడు ఆ పాఠం అందరికీ నేర్పాల్సిన ఎర్రకోటు ఆఫీసర్.

సిల్క్ ఆకాశం చూడనూ లేదు, తల దించనూ లేదు. గుమాస్తానే చూస్తోంది.

అయ్యో, పప్పులో కాలేశాను, సిల్క్ చూపించినవాడు కాదు, వీడు, అనుకున్నాడు. గొడుగు పేల్చడానికి మధ్యలో జనం. పరిగెత్తాడు. ఎర్రకోటు అతన్ని చూశాడు, చెయ్యి బటన్ వైపు పోయింది. గుమాస్తా అమాంతం బల్ల కిందికి దూకి, చేతికందిన బ్యాటరీ వైరు పుటుక్కున లాగేశాడు.

నెత్తిన బటన్ టిక్కుమంది. ఇంకేమీ జరగలేదు. మళ్లీ టిక్కుమంది. అప్పుడు గొడుగు మొన ఎర్రకోటు గొంతుకి ఆనింది.

లాంచ్ స్టాండ్ గొట్టంలో పావుకిలో పేలుడు మందు దొరికింది. సిల్క్ దొరకలేదు. గేటు వాచ్‌మన్‌ని నిలదీస్తే, "అమ్మగారు నవ్వారండీ, గేటు తీశాను," అన్నాడు.

మధ్యాహ్నం ఆ పిల్ల పంతం పట్టి వేరే స్టాండ్ మీద రాకెట్ ఎగరేసింది. అది కనబడనంత ఎత్తుకి పోయి, గాలిలో ఒకసారి తడబడి, ఊగుతూ వచ్చి సున్నపు గీతకి జానెడు లోపల దిగింది. చప్పట్లు కొట్టినవాళ్లలో గుమాస్తా చేతులే ఎక్కువ కందాయి.

సాయంత్రం గుమాస్తా ఆ పిల్ల తండ్రి రేడియో కొట్టుకి వెళ్లాడు. చీఫ్ ఆర్డరు జేబులో ఉంది. నోటుపుస్తకం, రాకెట్, రెండూ ఇకపై ప్రభుత్వ రహస్యం. వలయం పోటీ ఉండదు. ఆ పిల్ల ఈ విషయం గురించి ఎక్కడా నోరెత్తకూడదు.

ఆమె ఏడవలేదు. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. గుమాస్తా రసీదు రాసి, సంతకం చేసి, రబ్బరు స్టాంపు వేసి ఇచ్చాడు. ఆమె దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"వాళ్లు చంపి పట్టుకుపోదామనుకున్నారు. మీరు రసీదిచ్చి పట్టుకుపోతున్నారు," అంది. "ఎంతైనా పద్ధతైన మనుషులు బాబాయ్."