నెవెనా దగ్గరికి ఒక పడవ

శ్మశానం వెనకున్న చెత్తకుండీలోకి నడుం దాకా వంగిపోయిన ఆడపిల్లను చూసి ల్యూబెన్‌కు ముందు భయమేసింది. తర్వాత ఒళ్ళు మండింది. ఆమె సంచిలో వేసుకుంటున్నవి, తను ఏరుకుందామని వచ్చినవే. సమాధుల మీద పెట్టి, వెలగడం మానేశాక పారేసిన సోలార్ దీపాలు.

"ఏమండీ, చచ్చినవాళ్ళ దీపాలు కూడా వదలరా?"

ఆమె తలెత్తింది. జుట్టులో ఎండిన చామంతి రేకు ఇరుక్కుంది. "మీరేదో పూలు పెట్టడానికి వచ్చినట్టు! ఆ ఖాళీ సంచి దేనికో?"

ల్యూబెన్ సంచిని వెనక్కి దాచుకున్నాడు. పాడైన రేడియోలూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసే కొట్టు అతనిది. "బ్యాటరీ పోగానే జనం దీపం మొత్తం పారేస్తారు. పైనున్న ప్యానెల్ బాగానే ఉంటుంది. నాకు పనికొస్తుంది."

"నాకూ పనికొస్తుంది. పడవ చేస్తున్నాను."

"ఇంత చిన్న ప్యానెళ్ళతో మనిషి ఎక్కే పడవ కదలదండీ."

"మనిషి ఎక్కే పడవ కాదు," అంది ఆమె. "మనిషి వెళ్ళకూడని చోటికి వెళ్ళే పడవ."

ఆ మాటతో వాదన ఆగిపోయింది. సంచి మోస్తూ ఆమె వెంట నడిచింది ల్యూబెనే.

ఆమె పేరు జోర్నిత్సా. అమ్మమ్మ స్టానాకు తోడుగా ఉండడానికి ప్లోవ్‌దివ్ నగరం నుంచి వచ్చింది. ఊరికి దిగువన, రొదోపి కొండల నడుమ పెద్ద జలాశయం ఉంది. దాని అడుగున పాత బ్రెస్తా అనే ఊరుంది. డ్యామ్ కట్టినప్పుడు జనం తలుపులు, చర్చి గంట, చివరికి పెద్దల ఎముకలు కూడా పైకి తెచ్చుకున్నారు. స్టానా వాళ్ళ అక్క నెవెనా పదిహేడేళ్ళకే జ్వరంతో పోయింది. ఆమె సమాధి తవ్వితే లోపల ఏమీ దొరకలేదు. ఇంకా వెతుకుతుండగానే నీళ్ళు ముంచేశాయి. జాలర్లు ఇప్పటికీ ఆ వైపు పడవ తిప్పరు. ఎందుకని అడిగితే మాట మార్చేస్తారు.

"పోయినవాళ్ళను తలుచుకునే శనివారం వస్తోంది," అంది జోర్నిత్సా. "తన అక్క సమాధి మునిగిన చోట, నీళ్ళ మీద ఒక్క దీపమైనా వెలగాలంటోంది అమ్మమ్మ. కొవ్వొత్తి పెడితే గాలికి ఆరిపోతుంది."

చేపలు సర్దే థర్మోకోల్ పెట్టె పడవ అయింది. రెండు పక్కలా ఖాళీ నీళ్ళ సీసాలు కట్టారు. పాడైన డీవీడీ ప్లేయర్ నుంచి మోటారు పీకారు. పెరుగు డబ్బా మూత కత్తిరించి మోటారుకు రెక్కలు చేశారు. దీపాల ప్యానెళ్ళన్నీ కలిపి, ల్యూబెన్ తీగలు అతికాడు. వాళ్ళు "మీరు"లోంచి "నువ్వు"లోకి ఎప్పుడు జారారో ఇద్దరికీ తెలియదు.

కిటికీ కింద నీళ్ళతొట్టిలో వదిలితే పడవ బుర్రుమని తిరిగింది. జోర్నిత్సా వంగి చూడగానే ఆగిపోయింది.

"జరుగు. నీ నీడ పడుతోంది దాని మీద. బ్యాటరీ లేదు, ఎండ పోతే కదలదు."

"మరి నువ్వెందుకు ఆగిపోయావు?"

ల్యూబెన్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు... తీగ ఊడింది," అన్నాడు. ఆమె పకపకా నవ్వింది.

శనివారం మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. పోయినవాళ్ళ పేరున పంచే ఉడికించిన గోధుమల గిన్నెతో స్టానామ్మ ఒడ్డున కూర్చుంది. తిరిగి లాక్కోవడానికి గాలం దారం కట్టి పడవను వదిలారు. చిన్న బల్బు మిణుకుమంటూ సాగిపోయింది.

అంతలో కొండ మీంచి పొగమంచు దిగింది. ఎండ పూర్తిగా పోయింది. ల్యూబెన్ చేతిలో దారం మాత్రం ఆగలేదు. ఎవరో నెమ్మదిగా చుట్టుకుంటున్నట్టు కదిలిపోతూనే ఉంది. చుట్ట అయిపోయింది. దారం ఒక్కసారి బిగుసుకుని, తెగిపోయింది.

"ఎండ లేకుండా ఎలా వెళ్తుంది?" అన్నాడు ల్యూబెన్. "చూసి రావాలి."

"వెళ్ళకు నాయనా," అంది స్టానామ్మ.

అతను అప్పటికే ఒడ్డున కట్టిన జాలరి పడవ విప్పుతున్నాడు. జోర్నిత్సా వచ్చి ఎక్కింది. "నువ్వొక్కడివే వెళ్తే నేను ఒడ్డున ఊపిరి బిగబట్టి కూర్చోవాలా?"

వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి ల్యూబెన్ తెడ్లు వేస్తున్నాడు. ఎదురుగా ఆమె. ఒడ్డు మాయమైంది. పక్షి కూత లేదు, అల చప్పుడు లేదు.

"ల్యూబ్చో!"

జోర్నిత్సా గొంతే. కానీ ఎదురుగా ఆమె పెదవులు కదల్లేదు. పిలుపు అతని వీపు వెనకనుంచి, నీళ్ళ మీంచి వచ్చింది.

తెడ్లు ఆగిపోయాయి.

"విన్నావా?"

"విన్నాను." ఆమె ముఖం పాలిపోయింది. "అది నా గొంతు."

"నన్నలా ముద్దుపేరుతో ఎవరూ పిలవరు. మా అమ్మ కూడా ల్యూబెన్ అనే అంటుంది."

"నేను పిలుస్తాను," అంది ఆమె. "మనసులో. నువ్వు నాలుక బయటపెట్టి తీగలు అతుకుతున్నప్పుడల్లా. ఎవరికీ చెప్పలేదు ల్యూబెన్. అమ్మమ్మకు కూడా."

ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, అతని గుండె మాత్రం గంతులేసింది. భయమేదో సంతోషమేదో తేల్చుకోలేకపోయాడు. "మళ్ళీ ఆ పిలుపు వినాలంటే భయంగా ఉంది. నువ్వు పిలువు."

"ల్యూబ్చో," అంది ఆమె, పెదవులు కదుపుతూ.

"నిన్ను చూసినప్పట్నుంచీ నా కొట్టు మూసే ఉంది," అన్నాడు. "నీ పడవ తప్ప ఒక్క ఇస్త్రీపెట్టె కూడా ముట్టుకోలేదు. నువ్వంటే అంత పిచ్చి పట్టింది నాకు."

ఆమె చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకుంది. అప్పుడు అతను వెనక్కి తిరిగి చూశాడు. చేతికందేంత దూరంలో చిన్న పడవ నిలిచి ఉంది. రెక్కలు తిరగడం లేదు. చుట్టూ మంచు. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

అందుకోబోతే జోర్నిత్సా ఆపింది. "వద్దు. నెవెనాకిచ్చాం కదా."

ఒడ్డుకు చేరేసరికి స్టానామ్మ నిలబడి ఉంది. మనవరాలు చెప్పిందంతా విని, "గొంతు ఎవరిది?" అని అడిగింది.

"నాదే అమ్మమ్మా."

"మా అక్కదీ అదే గొంతు." ముసలామె కళ్ళు తుడుచుకుని నవ్వింది. "దాని కడుపులో మాట దాగేది కాదు. మీ తాత మీద మనసుపడ్డానని నేను రహస్యంగా చెబితే, సాయంత్రానికల్లా ఆయనకే చేరవేసింది. ఎన్నేళ్ళయినా బుద్ధి మారలేదు దానికి."

గిన్నెలోంచి గుప్పెడు గోధుమలు తీసి ల్యూబెన్ దోసిట్లో పోసింది.

"తిను నాయనా. అంత లోతు నుంచి మా అక్కే సంబంధం కుదిర్చాక, నేను కాదంటానా?"