సున్నపు బట్టీ చుట్టూ నెత్తురు

మా అడవిలో పాత సున్నపు బట్టీ దగ్గరికి పొద్దు వాలాక ఎవరూ పోరు. ఎప్పుడో బట్టీ కాల్చేవాడి నెత్తిన రాయి పడి తల పగిలిందట. పగిలిన తలతోనే, దారి తెలియక, బట్టీ చుట్టూ తిరిగి తిరిగి చచ్చాడట. ఇంకా తిరుగుతూనే ఉన్నాడంటారు. మూడు చుట్లు... తిరిగినంత మేరా నెత్తురు...

నేను చూడలేదు. చూసింది మా ఆయన వెండెలిన్. ఆయన పళ్లు నూరుకుంటూ చెప్పాడు గనక, ఆ కోపం కొంత నాకూ అంటుకుంది.

గాయపడ్డ జింకల్ని కుక్కతో వెతకడం ఆయన పని. ఎవడో కాలుస్తాడు, జింక ఎక్కడో దెబ్బ తగిలి పారిపోతుంది, మా ఇంట్లో ఫోన్ మోగుతుంది. సరిగ్గా నేను సూప్ వడ్డించినప్పుడే మోగుతుంది! ఆయన లేచి మా కుక్క ఆస్టాకి పొడుగాటి తోలు తాడు కట్టి బయల్దేరతాడు. కాల్చినవాడు ఒక్కడూ నిజం చెప్పడు. "సరిగ్గా గుండెలో కొట్టానయ్యా" అంటాడు. గుండెలో కొడితే మమ్మల్ని పిలవడమెందుకో!

ఆ నవంబరుకి ఆస్టాకి పదకొండేళ్లు నిండాయి. రెండుసార్లు వరసగా జింక దొరకలేదు. ఇంకేముంది, కుక్క ముక్కు పోయిందని ఊరంతా ఒకటే మాట. పిలవదగిన కుక్కల జాబితాలోంచి దాని పేరు కొట్టేద్దామని వేటగాళ్ల సంఘం పెద్ద ఓట్మార్ గారే అన్నాడు. మందుల షాపాయన, నలభై ఏళ్లుగా తుపాకీ పట్టిన మనిషి. ఆదివారం సమావేశంలో తేల్చేస్తామన్నాడు. పేరు పోతే మరి ఎవరూ పిలవరు. పని లేకపోతే ఆ కుక్క దిగులుతోనే పోతుందని మా ఆయన నాలుగు రోజులు సరిగా నిద్రపోలేదు.

శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసింది ఆ ఓట్మార్ గారే.

"ఆడజింక... బట్టీ దగ్గర. నెత్తురు బాగా ఉంది. త్వరగా రావయ్యా."

తెల్లారేదాకా ఆగడం పద్ధతి. కానీ ఆ రాత్రికి మంచు కురుస్తుందని రేడియోలో చెప్పారు. కురిస్తే జాడ మిగలదు.

ఐదున్నరకే చీకటి చిక్కబడింది. ఓట్మార్ గారు టోపీ కళ్ల దాకా లాక్కుని, వణుకుతూ నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ నిలబడింది జింక?"

"ఆ మొద్దు పక్కన."

మొద్దు పక్కన నాలుగు వెంట్రుకలు దొరికాయి. నెత్తురు మాత్రం చుక్క లేదు. ఆస్టా వెంట్రుకలు వాసన చూసి, తాడు బిగిసేలా వాగు వైపు, కిందికి లాగింది.

"అటు కాదు!" ఓట్మార్ గారు గొంతు తగ్గించి గద్దించాడు. "నెత్తురు పైన, బట్టీ దగ్గరుంది. నా కళ్లతో చూశాను కదయ్యా!"

వెళ్లి చూస్తే నిజమే. టార్చి వెలుగులో తెల్లటి రాళ్ల మీద ఎర్రటి చుక్కలు. ఆస్టా ఒకసారి వాసన చూసింది. అంతే, అక్కడే చతికిలబడింది.

"ముసలిదైపోయింది. చెబితే వినవు," అన్నాడు ఓట్మార్ గారు.

మా ఆయనకి ఒళ్లు మండింది. ఓట్మార్ గారి మీద కాదు, కుక్క మీద. పదకొండేళ్లలో మొదటిసారి తాడు పట్టి గుంజాడు. "నీ పని అయిపోయిందే! ఆయన అన్నదే నిజం!" అన్నాడట. ఈ మాట చెప్పినప్పుడు నా మొహం చూడలేదు.

కుక్కని ఈడ్చుకుంటూ తనే చుక్కల వెంట నడిచాడు. చుక్కలు బట్టీ చుట్టూ తిరిగి మొదటికే వచ్చాయి. మళ్లీ తిరిగాయి... మళ్లీ మొదటికే. మూడో చుట్టు పూర్తయ్యాక ఆయన ఆగిపోయాడు.

"జింక ఇలా తిరగదు," అన్నాడు మెల్లగా.

ఓట్మార్ గారు గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. "వాడేనంటావా...?"

మా ఆయన టార్చి కిందికి దించాడు. పక్కనున్న రాయి మీద ఒక చుక్క— తడిగా, మెరుస్తూ.

"ఇందాక ఇది లేదు."

"లేదా?"

"లేదు."

ఓట్మార్ గారు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన బూటు పక్కన ఇంకో చుక్క... ఆ పక్కన ఇంకోటి.

"నా వెనకే వస్తున్నాడు వెండెలిన్... నా వెనకే..."

అప్పుడు మా ఆయన తాడు వదిలేశాడు. ధైర్యమూ కాదు, తెలివీ కాదు, విసుగు. "పోవే, ఎక్కడికి పోతావో పో," అన్నాడు.

ఆస్టా లేచి, దులుపుకుని, మొదట లాగిన వైపే దిగింది. ఇద్దరూ పడుతూ లేస్తూ వెనకే పరుగెత్తారు. నూట యాభై అడుగులు కూడా ఉండవు. వాగు అవతల చెట్టు కింద ఆడజింక పడి ఉంది, చచ్చి, ఇంకా వెచ్చగా. గుండు ఒకవైపు దూరి లోపలే ఉండిపోయింది. గాయం కొవ్వుతో పూడుకుపోయి, నెత్తురు బొట్టు బయటికి రాలేదు.

మరి పైన ఉన్న నెత్తురు ఎవరిది?

మా ఆయన చెట్టు కొమ్మ విరిచి, చిన్న రెమ్మ జింక నోట్లో పెట్టాడు. అది దాని చివరి మేత, వేటగాళ్ల ఆచారం. కాసేపు టోపీలు తీసి నిలబడాలి. మా ఆయన తీశాడు. ఓట్మార్ గారు తీయలేదు.

"టోపీ," అన్నాడు మా ఆయన.

"చలి..."

"జింక ముందు టోపీ తీయండి ఓట్మార్ గారూ!"

తీశాడు.

కనుబొమ్మ మీద నెలవంకలా చీలిక. నెత్తురుతో తడిసిన చేతిరుమాలు ఊడి కింద పడింది. చెంప మీంచి కారిన చుక్క ఒకటి గడ్డం అంచున వేలాడి... టప్పున రాలింది.

"కన్ను మరీ దగ్గరగా పెట్టాను," అన్నాడు నేల చూస్తూ. "కాల్చగానే తుపాకీ వెనక్కి తన్ని, దాని మీది దుర్బిణి కొట్టుకుంది. నిన్న తుపాకీ పట్టినవాడికి తగలాల్సిన దెబ్బ. సిగ్గేసి కట్టుకుని టోపీ లాక్కున్నాను. నెత్తురు ఆగిపోయిందనుకున్నా... జింక కోసం బట్టీ చుట్టూ తిరుగుతూ, నాదే చూసి దానిదనుకున్నా..."

"ఎన్ని చుట్లు తిరిగారు?"

"మూడేమో."

రుమాలు తీసి మళ్లీ కనుబొమ్మకి అదుముకుంటూ, "ఆస్టా పేరు ఉంటుందిలే. ఈ సంగతి ఎక్కడా అనకు," అన్నాడు.

తిట్లన్నీ మా ఆయన నాలుక చివరిదాకా వచ్చాయట. ఒక్కటీ అనలేకపోయాడు. కుక్కని నమ్మనివాళ్లు అక్కడ ఇద్దరున్నారు మరి. జింక పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆస్టా తల రెండు చేతుల్లోకి తీసుకుని, తప్పయిందే అన్నాడట.

అది మొహం తిప్పుకుంది.