ఊపిరికి వచ్చే నుసుమలు

పురుగుల మేడమ్ చేసిన తప్పల్లా సీసా సంగతి మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోవడమే. దోమకన్నా చిన్నదైన ఈ నుసుమ అనే పురుగు కొత్త జాతిదని తేల్చాలంటే మగదాని తోక కొనని ఘాటైన క్షారంలో కాసేపు నానబెట్టి, మెత్తబడ్డాక బొమ్మ గీయాలి. ఆ కాసేపు కాస్తా రాత్రంతా అయింది. పొద్దున చూస్తే సీసాలో ఏమీ మిగల్లేదు. ఆవిడ దగ్గరున్న మగది అదొక్కటే.

అది ఆవిడ అక్క అద్దెకున్న గదిలో దొరికింది. అక్క ఒంటరిగా పోయింది. పదకొండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు, సొంత చెల్లెలికి కూడా. ఒక్కసారి ఫోన్ చేసి ఉంటే... ఆ బాధ ఆవిణ్ణి తినేస్తోంది. తడి గోడ బూజులో పుట్టిన ఆ నుసుమ గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదని తెలిశాక, దానికి అక్క పేరే పెట్టాలని ఒట్టు పెట్టుకుంది. మగదాని బొమ్మ లేనిదే ఆ పేరు నిలవదు. రేపు ఆ గదికి సున్నం కొట్టేస్తారట.

మధ్యాహ్నం వానలోనే వెళ్ళింది. ఇంటి ఓనరమ్మ తాళం ఇస్తూ, "నేనూ రానా మేడమ్?" అంది.

"నుసుమలకి భయపడితే నా ఉద్యోగం ఊడుతుందండీ."

మెట్లెక్కుతుంటే మాత్రం, రమ్మని ఉంటే బాగుండేదనిపించింది.

గదిలో పరుపు లేని మంచం, ఒక కుర్చీ, తడిసిన గోడ వాసన. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ కుర్చీలో కదలకుండా కూర్చుని, నోటితో మెల్లగా ఊపిరి వదలసాగింది. ఈ నుసుమలు ఊపిరికి వస్తాయి. ముఖం చుట్టూ మూగగానే గొట్టంతో లాగేయడమే. ఇన్నేళ్ళలో ఆ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు.

పది నిమిషాలైంది. ఒక్కటీ రాలేదు.

అప్పుడు చూసింది. మంచం మీద, దిండు ఉండాల్సిన చోటికి జానెడు పైన, నుసుమలు చిన్న గుంపుగా ఆడుతున్నాయి. విడిపోతున్నాయి... దగ్గరవుతున్నాయి... మళ్ళీ విడిపోతున్నాయి. నిద్రపోయే మనిషి ఊపిరంత నిదానంగా.

ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అక్కా..." గుసగుసలా అంది.

గుంపు ఆగింది. మెల్లగా మంచం అంచుకి జరిగింది. ఎవరో ఇటు తిరిగి పడుకున్నట్టు.

"నాకు తెలీదే. తెలిస్తే రానా?"

గుంపు గబగబా కదిలింది. వెక్కి వెక్కి ఏడిస్తే ఊపిరి అలాగే ఆడుతుంది.

పారిపోవాలి. కానీ మగది కావాలి. గొట్టం చాచి ఒకదాన్ని లాగింది. సీసాలో వేసి, కిటికీ దగ్గరికెళ్ళి, భూతద్దం పెట్టి చూసింది.

మగదే.

"నీ పేరు నిలిచిందే అక్కా," అంటూ ఏడ్చేసింది. కన్నీళ్ళు భూతద్దం మీద పడ్డాయి. ఎప్పటి అలవాటు కొద్దీ, తుడుద్దామని దాని మీద ఊదింది.

మసక పట్టలేదు.

గట్టిగా ఊదింది. అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుని చూసుకుంది. వెచ్చగా తగల్లేదు. ఇందాక నుసుమలు తన ముఖం దగ్గరికి రానిది ఇందుకేనా?

భూతద్దాన్ని మళ్ళీ వెలుతురుకెత్తింది. ఇటువైపు పొడిగానే ఉంది. అటువైపు మాత్రం, మెల్లగా... మసక పడుతోంది.