సంతోష్ హాల్ టికెట్

చేయాల్సిన పనులు నాలుగు.

ఒకటి: పట్టుబడ్డాక సరిహద్దు అవతలి తన ముఠా గుట్టు విప్పిన హైదర్‌ను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి సేఫ్ హౌస్‌కు ప్రాణాలతో చేర్చాలి.

రెండు: ఏ దారిలో పోవాలో కంప్యూటర్ చెప్పాలి. మనిషి ఎంచకూడదు.

మూడు: ఆ దారి డ్రైవర్ మైసన్నకు తప్ప ఎవరికీ తెలియకూడదు.

నాలుగు: సంతోష్ ఫోన్ నంబరు డిలీట్ చేయాలి.

ఏజెంట్ దేవరాజ్‌కు నాలుగోదే కష్టంగా ఉంది. దారులు ఎంచే ప్రోగ్రాం రాసింది సంతోషే. "ఎవడూ ఊహించలేడన్నా" అని నవ్వి, ఆ నమ్మకంతో మూడో ట్రిప్పులో తనే కూర్చున్నాడు. ముఠా ముందే కాపు కాసి చంపేసింది. ఆ నవ్వు ఇంకా దేవరాజ్ చెవిలోనే ఉంది.

హైదర్ వ్యాన్ బయలుదేరిన ఉదయం దేవరాజ్ ఎల్‌ఐసీ ఏజెంటు వేషంలో బీబీపేటలో, సంతోష్ తల్లి ఈరవ్వ ఇంట్లో ఉన్నాడు. గోడమీద ఫ్రేములో పదో తరగతి హాల్ టికెట్.

"మా ఇంట్ల పది పాసైంది వాడొక్కడే బిడ్డా. ఫోను లాకుకు, పెట్టె తాళానికి, అన్నిటికీ గా టికెట్టు నంబరే పెడ్తుండె. వాడు పోకముందు నల్లద్దాల పిల్లొకామె వచ్చి ఫొటో తీస్కపోయింది. ఉమారాణట."

దేవరాజ్ సంచిలోని లాప్‌టాప్ అందుకున్నాడు. ఉమారాణి తమ ఆఫీసరే. ప్రోగ్రాం కాపీ ఆమె దగ్గరుంది. ఇప్పుడు హైదర్ పక్కనే కూర్చుని ఉంది.

దాన్ని తెరిచి, ప్రోగ్రాం లెక్క మొదలుపెట్టే సంఖ్యగా హాల్ టికెట్ నంబరు కొట్టాడు. గాంధారి, పోచారం, గాంధారి. జరిగిన మూడు ట్రిప్పులూ అదే వరుసలో వచ్చాయి. మొదలు ఒకటే అయితే వరుసంతా ఒకటే. టెస్టింగుకు పెట్టిన నంబరును సంతోష్ తీయడం మరిచాడు.

నాలుగోది: లింగంపేట.

తనే వేరే దారి ఎంచితే? తన అలవాట్లన్నీ ఉమారాణికి తెలుసు.

"అవ్వా, పచ్చీసు గవ్వలున్నయా? ఒక్కసారి ఎయ్యి."

సరి పడితే గాంధారి, బేసి పడితే పోచారం. ఈరవ్వ విసిరింది. మూడు వెల్లకిలా పడ్డాయి.

ఫోన్ చేశాడు. "మైసన్నా, పోచారం చేపలు కావాలె."

అది కోడ్. "తెస్త సార్" అని మైసన్న స్టీరింగ్ తిప్పేశాడు. లింగంపేట మలుపు నూరు గజాల్లో ఉంది.

"ఏంది, లింగంపేటకు గదా పోవాలె!" అరిచింది ఉమారాణి.

"నీకెవరు చెప్పిండ్రమ్మా?" అడిగాడు మైసన్న.

ఆమె చేతిలో లిప్‌స్టిక్ తెరుచుకుంది. లోపల విషపు సూది. అది మైసన్న మెడకు తగలబోయే క్షణంలో హైదర్ బేడీలతో ఆమె మణికట్టు మీద కొట్టాడు.

లింగంపేట దారిలో కాపు కాసినవాళ్లు మధ్యాహ్నం దాకా మేకల మందను మాత్రమే చూశారు. తర్వాత పోలీసులను చూశారు.

దారి కంప్యూటర్ బదులు గవ్వలు చెప్పినా, హైదర్ ఎల్లారెడ్డి చేరాడు. నాలుగు పనుల్లో మూడే అయ్యాయి. సంతోష్ ఫోన్ నంబరు ఇంకా దేవరాజ్ ఫోన్‌లోనే ఉంది.

మీరెప్పుడైనా ఏ ఇంటి గోడమీదైనా ఫ్రేము కట్టిన హాల్ టికెట్ చూస్తే, బీబీపేట సంతోష్‌ను ఒక్కసారి తలుచుకోండి.