నీ పాస్‌వర్డు నాకొద్దు పాపా!

“నా పేజీలోకి పొయ్యి నా కాలేజీ మార్చింది నువ్వే గదామ్మా! నిజం చెప్పు!”

భానుప్రియ కేక చంద్రగిరి కోట గోడలకు తగిలి తిరిగొచ్చిందంటే నమ్మండి! తన నెట్ సెంటర్లో కుర్చీలో కూర్చున్న లోకేశ్వరి గుండె ఆ ఒక్క మాటకే నీరైపోయింది... నెల్లూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న కాలేజీలో చేపల పెంపకం చదవాలని ఏడాదిగా కలవరిస్తున్న పిల్ల! కౌన్సెలింగ్‌లో ఆ కాలేజీనే అన్నిటికన్నా పైన పెట్టింది. తీరా చూస్తే సీటు తిరుపతిలో, ఇంటికి కూతవేటు దూరంలో, వ్యవసాయం చదువులో వచ్చింది! ఎవరో ఆ వరుస మార్చేశారు. మార్చిన వేళ కూడా తెరమీద ఉంది... మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది.

ఆ వేళ చూడగానే లోకేశ్వరికి సంగతి తెలిసిపోయింది. మంగళవారం ఆ గంటలో తను అన్నానికి ఇంటికి వెళ్ళింది. రేణిగుంట గోడౌన్లో పనిచేసే భర్త బాలచంద్రకు ఆ రోజు సెలవు. తన బదులు కుర్చీలో కూర్చున్నది ఆయనే!

కానీ ఆ పిల్లకు నాయనంటే ప్రాణం... ఆ నమ్మకాన్ని తన నోటితో ఎలా విరిచేది? కన్నీళ్ళు మింగుకుని తల వంచింది.

“అవును పాపా... నేనే మార్చినాను.”

“నువ్వేనా!” భానుప్రియ వెక్కివెక్కి ఏడ్చింది. “ఎన్ని తూర్లు చెప్పినానమ్మా! అందురూ వచ్చి కూచునే కంప్యూటర్లో, ఆ బ్రౌజర్లో పాస్‌వర్డు దాయొద్దన్నానా లేదా? పేరు కొట్టంగానే చుక్కలు చుక్కలుగా అదే వచ్చి పడతాది. పాస్‌వర్డులు దాచేదానికే వేరే యాప్ ఉండాది, దానికి తాళం నేనొక్కదాన్నే పెట్టుకుంటానంటే ఏమన్నావు నువ్వు?”

ఏమన్నదో లోకేశ్వరికి బాగా గుర్తుంది. “ఇంట్లోవాళ్ళకు తెలీకుండా నీకు ఇంకో పెట్టెందుకే? మేమేమన్నా దొంగలమా? ఆ తాళం నువ్వే మరిచిపోతే దేవుడొచ్చినా తెరవలేడని నువ్వే అంటావే! దీంట్లో అయితే హాయిగా అదే రాసుకుంటాది, అదే ఇస్తాది” అని వాదించింది. పదేళ్ళుగా ఆమె పద్ధతి అదే. దర్శనం టికెట్టుకు వచ్చినా, పిల్లల ఫలితాలకు వచ్చినా జనం తమ పాస్‌వర్డు లోకేశ్వరి చేతిలో పెట్టి కాఫీకి వెళ్ళిపోతారు. “దాచిపెట్టమంటావా?” అని కంప్యూటర్ అడిగిన ప్రతిసారీ, అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడం ఏం బాగుంటుందని ఆమె సరే నొక్కుతుంది! చంద్రగిరిలో సగం ఊరి గుట్టు ఆ డబ్బాలోనే ఉందంటే అందులో కాస్తే అబద్ధం.

గొడవ విని పక్కింట్లోంచి అత్తగారు అలివేలమ్మ వచ్చింది. ఆమె వెనకే బాలచంద్ర, ముఖం పాలిపోయి...

“ఏందే ఆ అరుపులు? చేపల సదువు యాడన్నా ఉంటాదా? చేపను సదివించేదా, కూర వండేదా?” అంది అలివేలమ్మ.

“నువ్వు గమ్మునుండు అవ్వా! మా అమ్మే నా బతుకును ఇట్ల చేసింది. ఇంక జన్మలో ఆమెతో మాట్లాడను!”

ఆ మాటకు లోకేశ్వరి చీరచెంగు నోట్లో కుక్కుకుంది, అంతే. బాలచంద్ర మాత్రం ఊరకుండలేకపోయాడు. కూతురికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు!

“మీ అమ్మననొద్దు తల్లీ... ఆ పాపం నాది! నేనే మార్చినాను!”

“ఏమండీ, మీరు ఊరకుండండి...” అంటూ లోకేశ్వరి అడ్డుపడబోయింది.

“ఎన్నాళ్ళు మోస్తావు లోకా నన్ను! చెప్పనీ...” ఆయన కూతురి వైపు తిరిగాడు. “సముద్రమంటే నాకు భయం పాపా. ఒక్కతే బిడ్డవు. ఆ నీళ్ళల్లో పడవలెక్కుతావని తలుచుకుంటే అన్నం దిగలేదు. నీ పాస్‌వర్డు నేను అడగలేదు, దొంగలించలేదు. పేరు పెట్టినాను, తలుపు దానంతట అదే తెరుచుకునింది... పోయినాను. నాయన్ను గదా అని పోయినాను!”

భానుప్రియ తండ్రిని చూసింది... తల్లిని చూసింది. ఒక్క పరుగున వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. “నువ్వెందుకు మా, నీ మింద వేసుకున్నావు? ఎంతెంత మాటలన్నాను నిన్ను!”

“అదంతా మళ్ళ ఏడుద్దువులే!” లోకేశ్వరి గోడ గడియారం చూసి ఉలిక్కిపడింది. “రెండో విడత మార్పులకు ఐదింటి దాకా గడువుండాది. ఇప్పుడు నాలుగూ ఇరవై. లే పాపా!”

భానుప్రియ కళ్ళు తుడుచుకుని వరుస సరిచేసింది. సముద్రం కాలేజీ మళ్ళీ పైకి ఎక్కింది. బాలచంద్ర చేతులు జోడించి చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు.

“ఇప్పుడు పాస్‌వర్డు మార్చు” అంది లోకేశ్వరి. “కొత్తది నువ్వు చెప్పిన ఆ వేరే యాప్‌లోనే పెట్టు. ఈ డబ్బాలో దాచిందంతా నేను రేపే తుడిచేస్తా. ఎవరి తాళం వాళ్ళ దగ్గరే ఉండనీ.”

“నీకు గూడా చెప్పొద్దా మా?”

లోకేశ్వరి కీబోర్డును కూతురి వైపు జరిపింది. పాలపళ్ళు ఊడింది మొదలు ఇంటర్ మార్కుల దాకా ఆ పిల్లది తనకు తెలియనిది ఏముంది?

“నాకొద్దు పాపా... గట్టిగా గుర్తుపెట్టుకో.”

అని గోడవైపు తిరిగింది. పదేళ్ళు కీబోర్డు పక్కన బతికిన ఆడది! కొట్టే చప్పుడును బట్టి ఏ అక్షరమో చెప్పేయగలదు. అందుకే రెండు చేతులతో చెవులు మూసుకుంది. భుజాలు మాత్రం ఎగసెగసి పడుతున్నాయి...

నాలుగో రోజు ఫలితాలొచ్చాయి. ఊరి పిల్లల ఫలితాలన్నీ అందరికన్నా ముందు చూసేది లోకేశ్వరే. ఆ ఉదయం మాత్రం తన కన్నబిడ్డ ఫలితం కోసం, తెరిచి చూసే దారి లేక, గుమ్మంలో నిలబడింది. భానుప్రియ చేతిలో ఫోనుతో వీధి చివర కనిపించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు... దగ్గరకొచ్చి తల్లి చెవిలో మెల్లగా చెప్పింది.

“వచ్చింది మా! ముందు నీకే చెప్తాండా.”