తగిలితే చెయ్యెత్తాలి

ఓగాటా చచ్చిపోయి గంట దాటినా, చాలా బాగా నటిస్తున్నాడనే అందరూ అనుకున్నారు.

టోక్యో పక్కన చిబాలో, అడవి ముక్కకు కంచె కట్టి నడుపుతున్న యుద్ధపు ఆటల ఫీల్డు అది. ఆదివారం వస్తే చాలు, బ్యాంకు గుమాస్తాలు, పళ్ళ డాక్టర్లు, లారీ డ్రైవర్లు మిలిటరీ బట్టలు తొడుక్కుని, ముఖాలకు మాస్కులు బిగించుకుని, ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే బొమ్మ తుపాకులతో ఒకరినొకరు కాల్చుకుంటారు. ఓగాటా ఇనుప డ్రమ్ము వెనక బోర్లా పడి ఉంటే, పక్కనుంచి వెళ్ళినవాళ్ళు "అబ్బ, ఏం పడ్డాడండీ!" అని మెచ్చుకుని మరీ వెళ్ళారు. మధ్యాహ్నం కర్రీ భోజనానికి గంట కొట్టినా లేవకపోయేసరికి ఆట నడిపించే మార్షల్ వచ్చి భుజం తట్టాడు. వీపులో దిగింది ప్లాస్టిక్ గుండు కాదు.

"ఓగాటా మనవాడే" అన్నాడు చీఫ్ కామియో, కమలాపండు ఒలుస్తూ. టోక్యోలో బోర్డు లేని ఆఫీసు అది. ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ నగుమో.

"చంపింది?"

"కోబాల్ట్ రింగ్. మన ఓడల డిజైన్లు బయటి దేశానికి మోసే ముఠా. వాళ్ళ హంతకుడు ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నాడు. మన భాష, మన మర్యాద, మన పన్నులు కూడా కడుతున్నాడట."

"ముఖం?"

"మాస్కు."

"గన్?"

"సైలెన్సర్ బిగించిన అసలు పిస్టల్. అక్కడున్న బొమ్మలన్నీ దాన్ని చూసి చేసినవే. ఎలా కనిపెడతావు?"

చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. బొమ్మ తుపాకుల పత్రిక ముఖచిత్రం. తుపాకీ భుజాన వేసుకుని నవ్వుతున్న మోడల్ కురెహా. చూసినవాళ్ళు పత్రిక కొనకుండా కదలలేని నవ్వు అది. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. రెండేళ్ళుగా ఆమె నగుమోకు వాళ్ళ రహస్యాలు చేరవేస్తోంది.

"ఈ ఆదివారం అదే ఫీల్డులో ఆమె చేతికి ఒక చిప్పు వస్తుంది. షిప్‌యార్డులో వాళ్ళ మనిషెవరో అందులో ఉంది. కానీ ముఠాకు ఆమె మీద అనుమానం పుట్టింది. హంతకుడు కూడా వస్తున్నాడు."

"ఆమెను వెళ్ళొద్దని చెబుదాం!"

"వెళ్ళకపోతే అనుమానం రూఢి అవుతుంది. ఇంటికొచ్చి చంపుతారు. ఫీల్డులో అయితే కనీసం నువ్వుంటావు. బయటివాళ్ళెవరికీ, పోలీసులకు కూడా చెప్పలేం. ఓగాటా మన మనిషని ఇద్దరికి చెబితే ముఠా చెవిన పడింది."

"నాకు గన్ కావాలి సార్."

"మన ఆఫీసులో గన్నులెక్కడివయ్యా? ఉన్న ఆయుధమల్లా టీ గదిలో కత్తెర." చీఫ్ కమలా తొన ఒకటి నోట్లో వేసుకున్నాడు. "బొమ్మది కొనుక్కో. చట్టం ఒప్పుకుంటుంది. మాస్కులో నిన్ను గుర్తుపట్టడానికి దానికి ఎర్ర ట్రిగ్గర్ ఉండాలని కురెహా కబురు పెట్టింది."

నగుమోకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమెను ఈ పనిలోకి దింపింది తనే. ఏం కానివ్వనని మాటిచ్చింది కూడా తనే. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇప్పుడు బొమ్మల కొట్టుకు వెళ్ళాలి.

*

ఒకాచిమాచిలో రైలు వంతెన పక్కన, ఇరుకు మెట్లెక్కితే, బొమ్మ తుపాకులకు భాగాలు మార్చే హచియా గారి కొట్టు. ఆవిడ ఏప్రన్ కట్టుకుని, అద్దాల బీరువాల మధ్య కూర్చుని మధ్యాహ్నం భోజనం చేస్తోంది. నగుమో అప్పుడే కొన్న బొమ్మ పిస్టల్ బల్ల మీద పెట్టాడు.

"అయ్యో పాపం, పెట్టెలోంచి తీసినట్టే ఉందే" అంది ఆవిడ, చాప్‌స్టిక్‌లు పక్కన పెట్టి. "ఏం చేయించాలి బాబూ? అందానికా, ఆటకా?"

"ఆటకే. కొంచెం గట్టిగా తగిలేలా..."

ఆవిడ చెయ్యి తిన్నగా టెలిఫోను మీదికి పోయింది.

"గట్టిగానా? చట్టం తెలుసా నీకు? చీమ కుట్టినట్టు ఉండాలి, అంతే. అంతకు మించి ఒక్క పిసరు బలం పెంచినా పోలీసులకు ఫోన్ చేస్తాను. ముందే చెబుతున్నా."

"వద్దు, వద్దు. ఊరికే అడిగాను."

"అడగడం కూడా తప్పే. బలం తప్ప ఏదైనా అడుగు."

నగుమో బీరువాల వంక చూశాడు. పేల్చినప్పుడల్లా పిస్టల్ పైన వెనక్కి జరిగే నిగనిగలాడే బరువైన స్లైడులు, కంచు రంగు బారెళ్ళు, చెక్క పిడులు, గురి కోసం ఎర్ర చుక్క చూపించే సైట్లు. ఎన్ని రకాలో! ఒక్కటి కూడా మనిషిని ఆపేది కాదు. అయినా ఎంచుకోవాలి. ఎంచుకోవడం తప్ప అతని చేతిలో ఇంకేమీ లేదు.

"ఈ బరువు స్లైడు బాగుంది" అన్నాడు.

"బాగుంటుంది, ఆగస్టులో. ఇది ఫిబ్రవరి. చలికి లోపలి గ్యాస్ నీరసపడుతుంది. అంత బరువును అది వెనక్కి తొయ్యలేదు. ఒక గుండు పేలి ఊరుకుంటుంది. నీకు తేలిక స్లైడే ఉండనీ, స్ప్రింగు మాత్రం మెత్తది వేస్తాను."

"ఈ చుక్క సైటు?"

"కళ్ళజోడు మీద ఆవిరి పట్టాక చుక్కేం కనిపిస్తుంది, నా మొహం! దమ్మిడీకి పనికిరాదు." ఆవిడ సొరుగు లాగి, చిటికెన వేలి గోరంత రబ్బరు ముక్క తీసింది. "ఇదిగో, నీకు కావలసింది ఇది. దీన్ని ఒరుసుకుని వెళ్ళేటప్పుడు గుండు వెనక్కి తిరుగుతూ పోతుంది. అలా తిరిగితే తేలుతుంది, సూటిగా వెళ్తుంది. దానికి తోడు నున్నటి లోపలి బారెల్. దూరంగా ఉన్నవాడికి కూడా తగులుతుంది."

"తగిలితే ఏమవుతుంది?"

హచియా గారు అతన్ని జాలిగా చూసింది. "బొత్తిగా కొత్తా? తగిలితే చెయ్యెత్తి 'హిట్' అని అరిచి, ఆటలోంచి బయటికి పోతాడు."

"అరవకపోతే?"

"ఎందుకు అరవడు?"

"ఎవరూ చూడలేదనుకోండి."

"చూడకపోయినా అరుస్తాం బాబూ! ఎవరికి తగిలిందో వాళ్ళే ఒప్పుకోవాలి. ఆటంటే అదే. ఏళ్ళ తరబడి ఆడితే చెయ్యి దానంతటదే లేస్తుంది. మొన్న మా ఆయన బట్టలారేస్తుంటే నెత్తిన పావురం రెట్ట వేసింది. 'హిట్' అని చెయ్యెత్తాడు. పక్కింటావిడ ఇంకా నవ్వుతూనే ఉంది." ఆవిడ గొంతు తగ్గించింది. "తగిలినా ఒప్పుకోని వాళ్ళూ ఉంటారులే. వాళ్ళను జాంబీలంటాం. అలాంటివాడి పక్కన కూర్చుని ఎవరూ అన్నం కూడా తినరు."

రబ్బరు, బారెల్, మెత్తటి స్ప్రింగు బిగించడం అయిపోయాక నగుమో ఎర్ర ట్రిగ్గర్ చూపించాడు.

"అన్నీ బుద్ధిగా ఎంచుకుని చివర్లో ఈ లిప్‌స్టిక్ ఎందుకు?"

"ఒకావిడకు ఎరుపంటే ఇష్టం."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అని ఆవిడ ట్రిగ్గర్‌ను రెండుసార్లు తుడిచి మరీ బిగించింది.

*

ఆదివారం పొద్దున ఫీల్డులో నేలంతా మంచు పేరుకుంది. గేటు దగ్గర ఒక్కొక్క తుపాకీని పరీక్ష యంత్రం ముందు పేల్చి చూసి, బలం హద్దులో ఉంటే స్టిక్కర్ అంటిస్తున్నారు. నగుమో పిస్టల్ తుస్సుమంది.

"చలికండీ" అన్నాడు వెనకున్న పెద్దమనిషి. నలభై దాటిన వయసు, మెత్తటి మాట. "నా పేరు షిబుకావా. ఏమీ అనుకోకపోతే ఇది తీసుకోండి." జేబులోంచి చలికి చేతులు కాచుకునే వేడి సంచి ఒకటి తీసి, నగుమో పిస్టల్లోని గుళ్ళు, గ్యాసు ఉండే మేగజీన్‌కు తనే చుట్టి ఇచ్చాడు. "దీన్ని చంకలో పెట్టుకోండి. మొదటి ఒకటి రెండు గుళ్ళు మాత్రం బాగా పోతాయి."

"చాలా థాంక్సండీ."

"దానిదేముంది. ట్రిగ్గర్ ముద్దొస్తోంది."

భుజానికి కట్టుకునే జట్టు పట్టీల్లో నగుమోకు ఎర్రది వచ్చింది. అప్పటికే వచ్చి ఉన్న కురెహాకు, షిబుకావాకు పసుపు పట్టీలు. ఈల మోగింది. మాస్కులు దిగాక అందరూ ఒకేలా ఉన్నారు. నగుమో కురెహా పసుపు పట్టీనే చూసుకుంటూ చెట్ల మధ్య పరిగెత్తాడు. ఎవరి చేతిలో పిస్టల్ చూసినా అసలుదేమోనని తేరిపార చూశాడు. అంతలో వీపు మీద టిక్, టిక్ అని రెండు తగిలాయి.

చెయ్యెత్తితే బయటికి పోవాలి. కురెహా ఒంటరి అవుతుంది. నగుమో చెయ్యెత్తలేదు.

"హిట్ కదండీ?" అని వెనకనుంచి ఎవరో మర్యాదగా అడిగారు. నగుమో వినపడనట్టు ముందుకు పోయాడు. "జాంబీ!" అని ఇంకెవరో అరిచారు. మార్షల్ వచ్చి, ఇంకోసారి ఇలా చేస్తే పంపించేస్తానన్నాడు. నగుమో చెవులు మండిపోయాయి. దేశం కోసం ఎన్నో అబద్ధాలాడినవాడికి ఈ ఒక్కటి మాత్రం భరించలేనంత సిగ్గుగా అనిపించింది.

కర్రీ గంట కొట్టారు. నగుమో కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. కురెహా వచ్చి ప్లేటు పెట్టింది. మాస్కు తీసిన ముఖం పత్రికలో కంటే అలసటగా ఉంది.

"ఇక్కడ ఊరగాయ ఎర్రగానే ఉంటుందా?" అంది.

"ఎరుపు లేకపోతే కర్రీ దిగదు" అన్నాడు. ఇప్పుడు మాట్లాడొచ్చని కోడ్ అది.

"చిప్పు మధ్యాహ్నం ఆటలో, చెక్క ఇంట్లో. గుళ్ళ సీసాలో పెట్టి ఉంటుంది."

"వద్దు. ఇప్పుడే వెళ్ళిపోదాం, పద."

"ఎక్కడికి? మా అమ్మ ఇంటి అడ్రసు కూడా వాళ్ళకు తెలుసు. చిప్పు దొరికితే వాళ్ళు జైలుకు పోతారు. దొరక్కపోతే ఎక్కడికెళ్ళినా ఒకటే." చెంచాతో అన్నం కలుపుతూ అడిగింది. "నీ దగ్గర ఏముంది?"

నగుమో బల్ల కింద పిస్టల్ చూపించాడు. కురెహా వంగి దాన్ని చూసింది.

"ట్రిగ్గర్ బాగుంది" అంది. "అయితే నేను చచ్చినట్టే."

నవ్వుతూనే అంది గానీ, చెంచా కింద పెట్టేసింది. నగుమో ఆమె చెయ్యి పట్టుకోవాలనుకున్నాడు. అందరూ చూస్తున్నారని ఊరుకున్నాడు.

*

మధ్యాహ్నం ఆటలో నగుమో చెక్క ఇంటికి ఎదురుగా, టైర్ల గుట్ట వెనక దాక్కున్నాడు. మేగజీన్ చంకలో ఉంది. వేడి సంచి ఇంకా కొద్దిగా వెచ్చగానే ఉంది. దూరంగా టపటపమని బొమ్మ తుపాకులు పేలుతున్నాయి.

కురెహా ఇంట్లోకి దూరింది. కాసేపటికి గుళ్ళ సీసాతో బయటికొచ్చి, సీసాను చొక్కాలో వేసుకుంది. ఆమె వెనక మలుపులోంచి ఒకడు వచ్చాడు. చేతిలో సైలెన్సర్ ఉన్న పిస్టల్. ఇక్కడ సగం బొమ్మలకు సైలెన్సర్లుంటాయి, అదేం వింత కాదు. భుజానికి పసుపు పట్టీ. వాడు నిదానంగా పిస్టల్ ఎత్తి, కురెహా వీపుకు గురిపెట్టాడు.

కురెహాదీ పసుపు పట్టీయే. సొంత జట్టు మనిషికి ఎవరూ గురిపెట్టరు.

అరిస్తే ఆమె తిరిగి చూస్తుంది, అంతే. పరిగెత్తితే సగం దూరం కూడా పోలేడు. నగుమో మేగజీన్‌ను పిడిలోకి తోసి, రెండు చేతులా బొమ్మ పిస్టల్ పట్టుకున్నాడు. దీనితో ఏమీ కాదని అతనికి తెలుసు. ఇంకేమీ లేదు కాబట్టే నొక్కాడు.

తుప్. స్లైడు సగం వెనక్కి వెళ్ళి ఇరుక్కుపోయింది. తెల్లటి గుండు చలిగాలిలో తేలుతూ, కొంచెం లేచి, సూటిగా వెళ్ళింది. వాడి మెడ మీద, కాలరుకు పైన, టిక్కుమంది.

"హిట్!"

హంతకుడి చెయ్యి పిస్టల్‌తో సహా ఆకాశంలోకి లేచింది. గొంతు స్పష్టంగా, నిజాయితీగా పలికింది. వాడు ఆటలోంచి బయటికి పోయే దారివైపు ఒక అడుగు కూడా వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది తనెవరో.

ఆలోగా నగుమో వాడి నడుం మీద పడ్డాడు. పిస్టల్ ఎగిరి మంచులో పడింది. కురెహా దాని మీద బూటు పెట్టి నిలబడింది. నగుమో మాస్కు లాగేశాడు. షిబుకావా.

*

ఆ సాయంత్రానికి షిప్‌యార్డులో మనిషి దొరికాడు. ముఠాలో మిగిలినవాళ్ళు ఎవరి అడ్రసూ వెతికే స్థితిలో లేరు. కురెహా వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళి, తలుపు గడియ వేసుకోకుండా నిద్రపోయిందట.

ఫీల్డు నుంచి తిరిగి వస్తుంటే, కారులో నగుమో పక్కన బేడీలతో కూర్చున్న షిబుకావా టోక్యో దగ్గరపడ్డాక నోరు విప్పాడు.

"ఉదయం ఆటలో మీ వీపుకు రెండు తగిలాయి."

నగుమో కిటికీలోంచి బయటికి చూశాడు.

"అవి నావే. అవి బొమ్మ గుళ్ళే. ఆటను ఆటలాగే ఆడాను. మీరు చెయ్యెత్తలేదు."

నగుమో ఉన్నచోటే తల వంచి, "క్షమించండి" అన్నాడు.

వారం తరవాత, మిగిలిన వివరాలు అడగడానికి నగుమో మళ్ళీ ఆ ఫీల్డుకు వెళ్ళాడు. గేటుకు అతని ఫొటో అంటించి ఉంది. కింద పెద్ద అక్షరాలు: ఇతనికి ప్రవేశం లేదు, తగిలినా ఒప్పుకోడు.

యజమాని కంచె అవతలే నిలబడి, ముఖం మాడ్చుకుని జవాబులు చెప్పాడు. అన్నీ అయ్యాక అడిగాడు.

"అది సరేగానీ, ఆ షిబుకావా గారిని ఎప్పుడు వదుల్తారండీ? అంత మర్యాదస్తుడు మళ్ళీ దొరకడు."